కొసన రక్ష, నడుమ ముప్పు



యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో మాట్లాడమన్నారు కాబట్టి ఫోలిక్ ఆమ్లం గురించో, ఆరియోమైసిన్ గురించో, గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచిన బోదకాలు మాత్ర గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఇదివరకే చెప్పారు. నేను ఆయన ఈడు మనిషి ఒకావిడతో మొదలుపెడతాను. సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. సరిగ్గా వారం ముందు, జనవరి 5న, న్యూయార్క్‌లోని స్టేటన్ ద్వీపంలో ఒక సైనికాధికారి ఇంట రెబెక్కా పుట్టారు. పెళ్ళయ్యాక ఆమె రెబెక్కా లాన్స్‌ఫీల్డ్. ఆయన 1923లో బోస్టన్ చేరి, 1940 నుంచి న్యూయార్క్ పక్కనే పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. ఆమె ఆ నగరంలోనే రాక్‌ఫెల్లర్ సంస్థలో ఉన్నారు. ఆయన ఒక మందు నుంచి ఇంకో మందుకి పరుగెత్తి 53 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఆమె 86 ఏళ్ళు బతికి, అందులో దాదాపు అరవై ఏళ్ళు ఒకే సూక్ష్మజీవి వెంట పడ్డారు. ఆ సూక్ష్మజీవి పేరు స్ట్రెప్టోకాకస్. మనం ఇవాళ మాట్లాడుకోబోయేది దాని ఒంటిమీది ఒక్క ప్రొటీను గురించి. పిల్లవాణ్ణి కాపాడే ప్రతిరక్షకాలు పుట్టేది దానివల్లే, గుండె కవాటాల్ని పాడుచేసే ప్రతిరక్షకాలు పుట్టేదీ చాలావరకు దానివల్లే.

లాన్స్‌ఫీల్డ్ పని 1918లో మొదలైంది. టెక్సాస్ సైనిక శిబిరాల్లో తట్టు సోకిన సైనికులు స్ట్రెప్టోకాకస్ న్యుమోనియాతో చనిపోతున్నారు. వాళ్ళ నుంచి తీసిన సూక్ష్మజీవులు రాక్‌ఫెల్లర్ సంస్థకు వచ్చాయి. అక్కడి పరిశోధకులు ఏవరీ, డోషెజ్‌ల దగ్గర సహాయకురాలిగా చేరిన ఆమె, చూపులకు ఒకేలా ఉన్న ఆ క్రిముల్లో నాలుగు రకాలున్నాయని తేల్చడంలో పాలుపంచుకున్నారు. తర్వాత హోమర్ స్విఫ్ట్ కింద పనిచేసినప్పుడు అక్కడి ఆసుపత్రి వార్డునిండా రుమాటిక్ జ్వరం పిల్లలే. మన పాత పుస్తకాల్లో కీళ్ళవాత జ్వరం అన్నది ఇదే. నెత్తురు కలిపిన అగార్ మీద ఆకుపచ్చ మచ్చ వేసే స్ట్రెప్టోకాకస్ వల్ల ఇది వస్తుందని అప్పట్లో ఒక నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఆమె 1925 నాటి డాక్టరేట్ పరిశోధనతో తేల్చారు. సిద్ధాంతం కూలిపోయింది కాబట్టి కొత్త దారి వెతుక్కోవలసి వచ్చింది. నెత్తురును పూర్తిగా కరిగించే స్ట్రెప్టోకాకస్ వైపు తిరిగి వెళ్ళారు.

1928లో ఆమె అచ్చువేసిన వ్యాసాల వరసలో ఎం ప్రొటీను బయటపడింది. పద్ధతి చాలా మోటుది. క్రిముల్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి వేడిచేసి, బయటికొచ్చిన పదార్థాన్ని కుందేలు సీరంతో కలిపి, తెల్లటి తెర కడుతుందా అని చూడటం. ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాలపాటు ఇదే చేశాయి. అసలు గొప్ప పరీక్ష వేరే ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురులో ఎం ప్రొటీను ఉన్న స్ట్రెప్టోకాకస్‌ని వదిలితే తెల్లకణాలు దాన్ని మింగలేవు, అది హాయిగా పెరుగుతుంది. ఆ రకపు ఎం ప్రొటీనుకు ప్రతిరక్షకాలున్న సీరం కాస్త కలిపితే అదే తెల్లకణాలు దాన్ని తినేస్తాయి. ఏ ప్రతిరక్షకం పనికొస్తుందో, ఏది ఉత్త అలంకారమో తేల్చి చెప్పిన పరీక్ష అది. స్ట్రెప్టోకాకస్ టీకా పరిశోధకులు ఇప్పటికీ దాని ఏదో ఒక రూపాన్నే వాడుతున్నారు.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఈ ప్రొటీను బెండకాయ మీది నూగులాగా క్రిమి ఒంటినిండా కనిపిస్తుంది. ఒక్కొక్క పోగూ రెండు గొలుసులు ఒకదాన్నొకటి పెనవేసుకున్న సర్పిలం. మన నెత్తురులో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల గుంపు ఒకటుంది. పరాయి క్రిమి కనబడగానే అది క్రిమికి అతుక్కుని, తెల్లకణాలకు గుర్తు పెడుతుంది. సొంత కణాల మీద పొరపాటున ఆ గుర్తు పడకుండా ఆపే కాపలా ప్రొటీన్లు కూడా మన నెత్తురులోనే ఉన్నాయి: ఫ్యాక్టర్ హెచ్, సి4బిపి. ఎం ప్రొటీను, రకాన్నిబట్టి, ఈ కాపలాదార్లలో ఒకరినో ఇద్దరినో తన మీదికి లాక్కుంటుంది. ఫైబ్రినోజెన్‌ను కూడా కప్పుకుంటుంది. అంటే మన సొంత ప్రొటీన్లు తొడుక్కుని నిలబడుతుంది. విద్యార్థులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మనలాగా కనిపించే ప్రయత్నం ఈ క్రిమికి గుండెజబ్బు దాకా వచ్చాక పుట్టింది కాదు, గొంతులో దిగిన మొదటి గంట నుంచీ అది చేస్తున్న పనే.

మరి రక్షణ ఎక్కడినుంచి వస్తుంది? పోగు చివరి కొస నుంచి. అన్నిటికంటే పైకి పొడుచుకొచ్చిన ఆ కొస మీద ప్రతిరక్షకం కూర్చుంటే వేషం పనిచేయదు. ఈ రక్షణ ఎంతకాలం నిలుస్తుందో తేల్చడానికి లాన్స్‌ఫీల్డ్ పాత రోగుల్ని మళ్ళీ వెతికి పట్టుకున్నారు. ఒకసారి సోకిన రకానికి ప్రతిరక్షకాలు రెండు మూడు దశాబ్దాల తర్వాత కూడా కొందరి నెత్తురులో ఉన్నాయని 1959లో రాశారు. అంత గట్టి రక్షణ ఉంటే పిల్లలకు ఏటా గొంతు నొప్పి ఎందుకొస్తుంది? ఆ కొసే క్రిమి క్రిమికీ మారిపోతుంది. ఇవాళ జన్యుక్రమాన్నిబట్టి లెక్కిస్తే రెండు వందలకు పైగా ఎం రకాలున్నాయి. ఒక రకాన్ని ఎదుర్కొన్న పిల్లవాడు పక్క రకానికి దాదాపు కొత్తవాడే. ఇరుకింట్లో నలుగురైదుగురు పిల్లలు ఒకే చాప మీద పడుకునే చోట, రకం తర్వాత రకం, ఏడాది తర్వాత ఏడాది వస్తూనే ఉంటాయి. రుమాటిక్ జ్వరం 5 నుంచి 15 ఏళ్ళ మధ్య వస్తుంది, అంతకు ముందు చాలా అరుదు. వ్యాధినిరోధక వ్యవస్థ ఈ క్రిమిని పదేపదే చూడాలి, అప్పుడే దారి తప్పుతుంది.

జబ్బు కథ మీకు తెలిసిందే, తొందరగా చెప్పేస్తాను. గొంతు నొప్పి వచ్చి తగ్గిపోతుంది. రెండు మూడు వారాలు ఏమీ ఉండదు. తర్వాత జ్వరం, ఒక కీలు నుంచి ఇంకో కీలుకు పాకే వాపు, కొందరిలో గుండె వాపు, కొందరు ఆడపిల్లల్లో చేతులూ మొహమూ వాటంతటవే కదిలే కొరియా. ఈ మౌనపు వారాల వల్లే గొంతుకీ గుండెకీ సంబంధం ఉందని నమ్మడానికి వైద్యలోకానికి అంతకాలం పట్టింది. 1931లో న్యూయార్క్‌లో ఆల్విన్ కోబర్న్, లండన్‌లో కొలిస్ విడివిడిగా ఆ ముడి వేశారు. 1932లో ఎడ్గార్ టాడ్, స్ట్రెప్టోకాకస్‌కు పుట్టిన ఒక ప్రతిరక్షకాన్ని నెత్తురులో కొలిచే ఎ.ఎస్.ఓ. పరీక్ష ఇచ్చారు. ఆ పరీక్ష గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ఎ.ఎస్.ఓ. పెరిగిందంటే స్ట్రెప్టోకాకస్ ఈమధ్య వచ్చి వెళ్ళిందని అర్థం, అంతే. అది అడుగుజాడ మాత్రమే. మన ఊళ్ళలో కాళ్ళు నొప్పి అన్న ప్రతి పిల్లకూ ఆ పరీక్ష రాసి, అంకె కొంచెం ఎక్కువ కనబడగానే గుండెజబ్బని భయపెట్టి ఏళ్ళ తరబడి పెన్సిలిన్ సూదులు వేయించేవాళ్ళున్నారు. అసలు సూది కావలసిన పిల్లలకు మాత్రం అది అందదు.

సూది పనిచేస్తుందని రుజువైంది అమెరికా సైన్యంలో. వయోమింగ్‌లోని వారెన్ వైమానిక స్థావరంలో 1940ల చివర గొంతు వాపుతో వచ్చిన యువ సైనికుల్లో, పెన్సిలిన్ ఇవ్వనివాళ్ళలో నూటికి దాదాపు ముగ్గురికి రుమాటిక్ జ్వరం వచ్చింది. ఇచ్చినవాళ్ళలో చాలా తగ్గిపోయింది. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మొదలుపెట్టినా ఫలితం ఉందని తర్వాత తేలింది. నూటికి ముగ్గురే ఎందుకు, మిగతా తొంభై ఏడుగురూ ఎలా తప్పించుకున్నారన్నది ఆనాటి నుంచీ వేధిస్తున్న ప్రశ్న. జన్యువుల్లో కొంత జవాబుంది. పసిఫిక్ ద్వీపవాసుల మీద చేసిన అధ్యయనం 2017లో ప్రతిరక్షకాల తయారీకి సంబంధించిన ఒక జన్యువులోని తేడా దగ్గర వేలు పెట్టింది. ఆ తేడా ముప్పును ఒకటిన్నర రెట్ల దాకా కూడా పెంచదు. మిగతా జవాబు పిల్లలు కిక్కిరిసి పడుకునే గుడిసెలో ఉందని నా నమ్మకం.

ఇక ముప్పు సంగతి. 1962లో మెల్విన్ కాప్లాన్ బృందం స్ట్రెప్టోకాకస్‌కు పుట్టించిన ప్రతిరక్షకాలు మనిషి గుండె కండరానికి కూడా అతుక్కుంటున్నాయని చూపింది. 1964లో రేమండ్ డామియన్ అణువుల పోలిక అన్న భావనకు పేరుపెట్టారు. ఎం ప్రొటీను అమైనో ఆమ్లాల క్రమం 1980ల్లో చదవడం వచ్చాక పోలిక కంటికి కనిపించింది. పెనవేసుకున్న సర్పిలాలు మన ఒంట్లోనూ ఉన్నాయి. కండరాన్ని కుదించే మయోసిన్, ఆ కుదింపును అదుపుచేసే ట్రోపోమయోసిన్ అలాంటివే. ప్రతి ఏడో స్థానం చుట్టూ తిరిగే ఒకే లయ వాటన్నిటిలో ఉంది. ఎం ప్రొటీను నడుమ భాగంలో ఈ పోలిక ఎక్కువ. కొసలో కూడా కొన్ని రకాల్లో అక్కడక్కడ లేకపోలేదు. మొత్తం మీద కాపాడే ముక్కా, కాటేసే ముక్కా ఒకే పోగు మీద కాస్త ఎడంగా ఉన్నాయి. నా ఉపన్యాసం అంతా ఆ ఎడం మీదే నిలబడింది.

కానీ ఇక్కడ ఒక చిక్కుంది. పాఠ్యపుస్తకాలు దాన్ని దాటేసి పోతాయి. మయోసిన్ గుండె కండర కణం లోపల ఉంటుంది, ప్రతిరక్షకం అక్కడికి చేరలేదు. పోనీ జీవితాంతం దెబ్బతినేది ఏది? కవాటం. కవాటంలో మయోసిన్ దాదాపు లేనే లేదు. కండరం దెబ్బతింటే నెత్తురులో పెరిగే ట్రోపోనిన్, రుమాటిక్ గుండె వాపుతో వచ్చిన పిల్లల్లో చాలావరకు మామూలుగానే ఉంటుంది. వాళ్ళకు ఆయాసం వచ్చేది కవాటం కారడం వల్ల. ఓక్లహామాలో మడెలీన్ కన్నింగ్‌హామ్ బృందం దీనికి ఒక దారి చూపింది. రోగుల నుంచి తీసిన కొన్ని ప్రతిరక్షకాలు మయోసిన్‌నీ, స్ట్రెప్టోకాకస్ గోడలోని ఎన్-అసిటైల్ గ్లూకోసమీన్ చక్కెరనీ, కవాటం మీది పలుచని పొర కింద ఉండే ల్యామినిన్‌నీ మూడింటినీ పట్టుకుంటాయి. ముందు ఆ పొర గాయపడుతుంది. గాయపడ్డ పొర వీక్యామ్-1 అనే అతుకు ప్రొటీనును బయటికి తెస్తుంది. దాన్ని పట్టుకుని టి కణాలు, మామూలుగా రక్తనాళాలే లేని ఆ కవాటంలోకి దిగుతాయి. సావో పావ్‌లోలో లూయీజా గిలెర్మీ, జార్జ్ కలీల్ శస్త్రచికిత్సలో తీసేసిన కవాటాల నుంచి టి కణాలు పెంచి, అవి ఎం5 ప్రొటీను ముక్కల్నీ గుండె ప్రొటీన్లనీ రెండింటినీ గుర్తుపడుతున్నాయని 1995లో చూపారు. తర్వాత మచ్చ కడుతుంది, కొత్త రక్తనాళాలు పుడతాయి, రెక్కలు అతుక్కుంటాయి. ఈ చివరి అంకానికి పదేళ్ళో ఇరవై ఏళ్ళో పడుతుంది.

కొరియా కూడా ఇదే కోవ. అక్కడి ప్రతిరక్షకాలు మెదడులోని నాడీకణాల మీది గ్యాంగ్లియోసైడ్లనీ డోపమీన్ గ్రాహకాలనీ తాకి వాటిని ఉసిగొల్పుతాయి. కణం చావదు, అందుకే కొరియా నెలల్లో తగ్గిపోతుంది. ఒకే రకం పొరపాటు మెదడులో తగ్గిపోయి కవాటంలో మిగిలిపోవడం నాకు ఈ జబ్బులో అన్నిటికంటే ఆలోచింపజేసే విషయం.

ఈ పోలిక సిద్ధాంతానికి ఎదురు చెప్పినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తోసేయడానికి వీల్లేదు. కొన్ని ఎం రకాలు, ఎం3, ఎం18 లాంటివి, కొలాజెన్‌కు నేరుగా అతుక్కుంటాయి. అలా అతుక్కున్నప్పుడు కొలాజెన్ మీదే వ్యాధినిరోధక వ్యవస్థ తిరగబడవచ్చని, దానికి పోలికతో పనిలేదని జర్మనీ పరిశోధకులు చెప్పారు. మన ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ జబ్బుతోనే తలపండిన రాజేంద్ర టాండన్, సహచరులతో కలిసి 2013లో ఈ వాదాన్ని గట్టిగా ముందుకు తెచ్చారు. ఇది మౌలికంగా కండరం జబ్బు కాదు, కలిపి ఉంచే కణజాలం జబ్బు అన్నది వాళ్ళ మాట. కీళ్ళు, కవాటం, చర్మం కింది గడ్డలు, అన్నీ అక్కడ కలుస్తాయి. నన్నడిగితే రెండు దారులూ ఒకే కవాటంలోకి వచ్చే అవకాశం ఉంది. మొదటి తలుపు ఏది తీసిందన్న దాని మీద టీకా భద్రత ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇది పండితుల తగాదా మాత్రం కాదు.

టీకా అన్నాను కదా, ఆ కథలో ఒక చేదు ఘట్టం ఉంది. 1960ల్లో బోస్టన్‌లో బెనెడిక్ట్ మాసెల్ బృందం రుమాటిక్ జ్వరం రోగుల తోబుట్టువులు 21 మందికి ఎం3 ప్రొటీనుతో టీకా వేసింది. శుద్ధి అరకొరగా చేసిన ప్రొటీను అది. వాళ్ళలో ముగ్గురికి రుమాటిక్ జ్వరం లక్షణాలు వచ్చాయి, ఇద్దరిలో నిస్సందేహంగా. 1969లో ఆ వ్యాసం వచ్చింది. అసలే ముప్పున్న కుటుంబాల పిల్లలు, అసలే శుభ్రంగాలేని ప్రొటీను, లెక్కకు చాలని సంఖ్య. అయినా భయం పట్టుకుంది. పట్టుకోవడం తప్పని నేననను, గుండె ఆగితే తిరిగి తేలేం. కానీ 1979లో అమెరికా ప్రభుత్వం ఈ స్ట్రెప్టోకాకస్ (గ్రూప్ ఎ) పదార్థాలేవీ టీకాల్లో ఉండరాదని నిబంధన పెట్టి, 2005 దాకా ఎత్తేయలేదు. పాతికేళ్ళు. ఆ నిబంధన పుట్టేనాటికి అమెరికాలో రుమాటిక్ జ్వరం దాదాపు మాయమైపోయింది. పోగొట్టుకున్న కాలం ఎవరిదో ఊహించడం కష్టం కాదు. 1980ల మధ్య యూటాలో, బాగా బతికే కుటుంబాల పిల్లల్లో జబ్బు మళ్ళీ గుంపుగా కనబడ్డప్పుడు మాత్రం అమెరికావాళ్ళు ఉలిక్కిపడ్డారు.

ఆ నిషేధ కాలంలో చేతులు కట్టుకు కూర్చోనివాళ్ళు మెంఫిస్ పట్టణంలో ఉన్నారు. ఎడ్విన్ బీచీ, ఆయన తర్వాత జేమ్స్ డేల్. పోగు కొసలోని చిన్న ముక్కను మాత్రమే తీసి ఇస్తే కాపాడే ప్రతిరక్షకాలు పుడతాయని, గుండెను తాకేవి పుట్టవని ముక్కముక్కగా పరీక్షించి చూశారు. అలాంటి కొసల్ని దండగా గుచ్చి 26 రకాల టీకా, దాని తర్వాత 30 రకాల టీకా చేశారు. వాటిని వేసుకున్న పెద్దవాళ్ళలో గుండె మీద ప్రతిరక్షకాలు కనబడలేదు. ఇక్కడ మనకొక ఇబ్బంది. ఆ 30 రకాల ఎంపికలో ఎక్కువ బరువు ఉత్తర అమెరికా, యూరప్ గొంతుల్లో తిరిగే రకాలది. ఉష్ణదేశాల్లో రకాలు ఎక్కువ, ఏ ఒక్కటీ పెత్తనం చేయదు, చర్మం మీది పుళ్ళలో పెరిగే రకాలు గొంతు రకాలకు తీసిపోవు. వెల్లూరులో ఏళ్ళ తరబడి సేకరించిన నమూనాలు చూసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. టీకాలో లేని కొన్ని రకాల్ని కూడా ఆ ప్రతిరక్షకాలు పట్టుకుంటున్నాయన్నది కొంత ఊరట.

ఆస్ట్రేలియాలో మైకేల్ గుడ్ ఇంకో చివర నుంచి వచ్చారు. పోగు మొదలు, క్రిమి ఒంటికి దగ్గరగా ఉండే భాగం, అన్ని రకాల్లో దాదాపు ఒకటే. అక్కడి ముక్కలో గుండె ప్రొటీనుకు పోలిక ఉన్న భాగాన్ని కోసేసి, మిగిలిన 12 అమైనో ఆమ్లాల్ని సర్పిలం ఆకారం చెడకుండా ఈస్ట్ ప్రొటీను ముక్కల మధ్య నిలబెట్టి జె8 అనే టీకా తయారుచేశారు. చక్కెర వైపు నుంచి కూడా ఇదే కత్తిరింపు జరుగుతోంది. పోలికకు మూలమైన ఎన్-అసిటైల్ గ్లూకోసమీన్ కొమ్మ లేని చక్కెర గొలుసుతో టీకా చేయవచ్చని 2014లో శాన్ డియేగో పరిశోధకులు చూపారు. ఎక్కడ కోయాలో తెలిస్తే ముప్పును తీసేసి రక్షణ ఉంచుకోవచ్చు. కోతకు కొలత లాన్స్‌ఫీల్డ్ నెత్తురు పరీక్షే.

టీకా వచ్చేదాకా ఉన్నది పెన్సిలిన్. పన్నెండు లక్షల యూనిట్ల బెంజాథీన్ సూది, మూడు వారాలకోసారి, ఏళ్ళ తరబడి. చాలా నొప్పి. కానీ ఎనభై ఏళ్ళుగా వాడుతున్నా ఈ క్రిమి పెన్సిలిన్‌ను తట్టుకునే స్థితికి రాలేదు. ఇన్ని క్రిములు మొండికేసిన ఈ కాలంలో అది మన అదృష్టమనే చెప్పాలి. ఉగాండాలో ఎకో పరీక్షతో (గుండె అల్ట్రాసౌండ్‌తో) మాత్రమే కనబడే తొలిదశ గుండెజబ్బు ఉన్న పిల్లల్లో సగం మందికి ఈ సూది ఇచ్చి రెండేళ్ళు చూస్తే, జబ్బు ముదిరినవాళ్ళు సూది తీసుకున్నవారిలో నూటికి ఒకరికన్నా తక్కువ, తీసుకోనివారిలో 8 మందికి పైగా. 2022లో ఆ ఫలితం వచ్చింది. తొలిదశ పిల్లలు ఎంతమంది ఉంటారంటే, కంబోడియా, మొజాంబిక్ బడుల్లో స్టెతస్కోపుతో వెయ్యికి ఇద్దరు దొరికినచోట ఎకోతో ఇరవై, ముప్పై మంది దొరికారు. 2015 అంచనా ప్రకారం ప్రపంచంలో ఈ గుండెజబ్బు ఉన్నవాళ్ళు 3 కోట్ల 30 లక్షలు, ఏటా చనిపోయేది 3 లక్షల మందికి పైగా. మన దగ్గర చాలామంది స్త్రీలకు జబ్బు సంగతి తెలిసేది మొదటి కాన్పు నెలల్లో, ఇరుకైన మైట్రల్ కవాటం పెరిగిన నెత్తురును పంపలేక ఆయాసం వచ్చినప్పుడు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని కవాటం మార్పిడికి డబ్బు దొరుకుతోంది. త్రివేండ్రంలో వలియత్తాన్ బృందం తయారుచేసి 1990 డిసెంబరులో మొదటిసారి అమర్చిన చిత్ర కవాటం మనకు అందే ధరలో ఉంది. ఆ ఆపరేషన్‌ను పదేళ్ళు ముందే అక్కర్లేకుండా చేసే సూదిని మాత్రం, రియాక్షన్ వస్తుందన్న భయంతో, చాలాచోట్ల వేయడమే మానేశారు. లక్షలు పెట్టే కవాటానికి పథకం ఉండి, వందల్లో అయిపోయే సూదికి దిక్కులేకపోవడాన్ని నేను ఏ లెక్కలోనూ సమర్థించుకోలేను.

చివరగా టీకా పరీక్షల సంగతి. మెల్‌బోర్న్‌లో ఆరోగ్యవంతులైన వయోజనులు ముందుకొచ్చి, ఎం75 రకం స్ట్రెప్టోకాకస్‌ను గొంతులో పూయించుకున్నారు. గొంతు నొప్పి తెప్పించి, వెంటనే పెన్సిలిన్‌తో తగ్గించారు. 2021లో వివరాలు అచ్చయ్యాయి. రాబోయే టీకాలు గొంతు నొప్పిని ఆపుతాయా అన్నది ఇకమీద అలా కొద్ది వారాల్లో తేలుతుంది. గుండెను ఆపదలోకి నెట్టవని మాత్రం అలా తేలదు. రుమాటిక్ జ్వరం తెప్పించే అలవాటు లేని రకమనే ఎం75ను ఎంచుకున్నారు, పాల్గొన్నవాళ్ళూ ముప్పు వయసు దాటినవాళ్ళే. ఆ రెండో ప్రశ్నకు జవాబు అయిదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ పిల్లల్లో, జబ్బు నిజంగా ఉన్న చోట, టీకాకు ముందు ఒక ఎకో, తర్వాత ఏటా ఒక ఎకో తీస్తూ వేలమందిని ఏళ్ళపాటు చూస్తేనే వస్తుంది. అలాంటి చోట్లలో మన జిల్లాలు ఉన్నాయి. పిల్లల పేర్లు, సూది తేదీలు, ఎకో చిత్రాలు ఒకచోట నమోదయ్యే ఏర్పాటు మొదలుపెట్టడానికి టీకా వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆ పిల్లలకు ఇవ్వాల్సిన పెన్సిలిన్‌కు కూడా అదే నమోదు పుస్తకం కావాలి.